గంగమ్మ వాటా

సోమవారం. సముద్రం నిలకడగా ఉంది.

భరణం వసూలు అధికారి రోజూ దినచర్య రాసి తీరాలని రూలు. రాసినదాన్ని యంత్రం దాచిపెడుతుంది, పైవాళ్ళు చదవరు. కాబట్టి నాకు తోచినట్టు రాస్తాను. పేరు ఇజ్జాడ పైడిరత్నం. తేలుటూరు వసూలు కార్యాలయం. కార్యాలయమంటే ఒక గది, ఒక బల్ల, ఒక యంత్రం, కిటికీలో పుదీనా కుండీ, నేను.

పొద్దున్నే మా వరస ఇళ్ళవాళ్ళం గుల్లలు గీకాం. ఊరిని మోసే పీపాలకి గుల్లలు పట్టేస్తాయి. వారానికోసారి గీకకపోతే ఊరు బరువెక్కి ఓ పక్కకి ఒరుగుతుంది. పోయినేడాది బద్ధకించిన పడమటి వరసలో ఇప్పటికీ నేలమీద గుండ్రటి వస్తువేదీ నిలవదు. నడుం పట్టేసినా ఆఫీసుకి పోయేముందు జెట్టీకి వెళ్ళాను. నా ఉద్యోగంలో సగం అక్కడే ఉంది.

కాటా దగ్గర మామూలు గోలే. పడవ పెద్దని ఇక్కడ తండేలంటారు. తండేలు వేట దించి కుప్పలు పోసి, ఏ కుప్ప ఎవరిదో కాటాకి పేరు చెబుతాడు. ఆ పేరుగలవాడు పెళ్ళానికో పిల్లలకో భరణం బాకీ ఉంటే పళ్ళెం రెండుగా చీలి వాళ్ళ వంతు చేపలు వేరే గంపలోకి జారిపోతాయి. ఆ గంప నేరుగా వాళ్ళ ఇంటికి చేరుతుంది. ఇవాళ చింతకాయల బుజ్జిబాబు తన వంజరాలు అటు జారుతుంటే గుండె బాదుకున్నాడు.

"మేడంగారూ, పెద్ద సేపలన్నీ అటేపే పోతన్నాయేటండీ? నాకేమో సిన్న కవల్లు మిగుల్తన్నాయి!"

"నీ కొడుకు ఎదిగే పిల్లాడు బాబూ. నువ్వు ఎదగడం అయిపోయింది కదా," అన్నాను.

అందరూ నవ్వారు, బుజ్జిబాబు కూడా నవ్వేశాడు. ఇలాంటి బాకీదారులైతే నా ఉద్యోగం హాయి.

ఆఫీసుకొచ్చి టీ పెట్టుకున్నాను. మా యంత్రాన్ని ఊరంతా బాకీలమ్మ అంటుంది. బాకీలమ్మ పొద్దున్న చెప్పిన మొదటి మాటకే టీ గొంతులో అడ్డం పడింది. గరికిన లోవరాజు బాకీ దాదాపు తీరిపోయిందట. లోవరాజు! పెళ్ళాం నూకరత్నాన్ని, పాకే పిల్లని వదిలేసి లంగరు కాలనీలో పెదనాన్న కొడుకు పంచన చేరినవాడు. ఆ పిల్లకిప్పుడు ఎనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్క ఎండుచేప ఇచ్చిన పాపాన పోలేదు. వేటకి వెళతాడు, వల లాగుతాడు, కానీ తన కుప్ప కూడా అన్న పేరునే చెప్పిస్తాడు. కాటాకి పేర్లు తెలుసు గానీ మనుషులు తెలియరు. విసుగొచ్చి, కాటా తర్వాత నాకున్న రెండో అధికారం వాడి అతని చేతికి చుక్కాని ఆపేశాను. అతను చుక్కాని పట్టుకుంటే ఏ పడవా కదలదు. దానికీ అతను చలించలేదు. అలాంటివాడికి ఉన్నట్టుండి ఇంత బుద్ధి వచ్చిందంటే నేను నమ్మను.

బుధవారం. సముద్రం నిలకడగా ఉంది. ఎండ ఎక్కువ.

నూకరత్నం దగ్గరికి వెళ్ళాను. చేపలు ఎండబెట్టే షెడ్డులో పని ఆమెది. పోయిన వానాకాలం అక్కడ చేపల అరలు తిప్పే యంత్రంలో కుడిచెయ్యి నలిగి రెండు వేళ్ళు మడత పడటం మానేశాయి. అప్పట్నుంచి సగం పనే ఇస్తున్నారు. కూతురు ఈశ్వరి పక్కన కూర్చుని చేపలు తిరగేస్తోంది. ఆ పిల్ల ప్రతి చేపనీ ఒకే వైపు తలపెట్టి పేరుస్తుంది. ఎవరైనా అడ్డదిడ్డంగా పెడితే ఒప్పుకోదు.

"లోవరాజు చేపలు పంపిస్తున్నాడా అమ్మా?" అని అడిగాను.

నూకరత్నం నవ్వింది. "ఆడా? ఆడు పంపితే సూరీడు పడమట పొడిసినాడని ఊరంతా సాటింపు ఏయించీదాన్ని. ఎర్రయ్య మాయ్య పడవ నుంచి వత్తన్నాయి మేడం. నాను అడగనేదు. నా సెయ్యి ఇలగయిన కాడ్నుంచి గుమ్మంలో గంపెట్టేసి పోతన్నారు."

"ఎవరి పేరు మీద?"

"అది నాకు తెల్దు. అడిగితే మానేత్తారేమోనని అడగనేదు. పిల్ల తింటన్నాది."

ఆఫీసుకొచ్చి తండేలు మైలపిల్లి ఎర్రయ్య పడవ కాటా లెక్కలు చూశాను. ప్రతి వేటలోనూ ఒక కుప్ప గరికిన లోవరాజు పేరునే పడింది. లోవరాజు ఆ పడవెక్కి ఏళ్ళయింది. అందరూ ఎవరి కుప్ప వాళ్ళు దాచుకునే ఈ ఊళ్ళో, లేని మనిషికి కుప్ప పోసిన పడవని ఇదే మొదటిసారి చూడటం.

గురువారం. తూర్పు గాలి.

లేని మనిషికి కుప్ప పోయడం కొత్త అన్నట్టు నిన్న రాశాను గానీ, పొరపాటు. అలాంటిది ఒకటుంది. నేను మెట్ట ప్రాంతం నుంచి వచ్చినదాన్ని, ఆలస్యంగా తట్టింది.

ఈ పడవల మీద వేటని పడవకింత, వలకింత, లాగిన మనుషులకింత అని పంచుకుంటారు. వీటితోపాటు గంగమ్మ వాటా అని ఒకటుంది. వేటకెళ్ళి సముద్రంలో పోయినవాడి పేరున అతని పడవవాళ్ళు వేటవేటకీ ఒక కుప్ప తీసి అతని ఇంటికి పంపుతారు. పిల్లలు చేతికొచ్చేదాకా పంపుతారు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఏ చట్టమూ అక్కర్లేదు. నీళ్ళలో పోయినవాడికి శవం దొరకదు కాబట్టి, పెద్దల ముందు ఫలానావాడికి గంగమ్మ వాటా అని చెబితే అదే మరణ ధ్రువీకరణ. ఊరు కట్టినప్పుడు తండేళ్ళు పట్టుబట్టి ఆ మాటని చట్టంలోకి ఎక్కించుకున్నారు.

ఎర్రయ్య చేసిందేమిటో అర్థమైంది. పెళ్ళాం బిడ్డల్ని వదిలేసినవాడు మా లెక్కలో పోయినవాడే అని కోపంతో అనుకుని ఉంటాడు. పిల్ల పస్తుండకూడదని కుప్ప తీయించాడు. కాటా పేరడిగితే పిల్ల తండ్రి పేరు చెప్పాడు. బాకీలమ్మకి ఈ సంగతులేం తెలుసు? లోవరాజు పేరున కుప్ప పడింది, లోవరాజు పెళ్ళాం ఇంటికి చేరింది, కాబట్టి లోవరాజు బాకీ కట్టాడు. ఊరివాళ్ళ మంచితనమంతా పోయి పోయి ఆ బాధ్యత లేనివాడి ఖాతాలో జమ అవుతోంది.

వలలు కడుగుతున్న ఎర్రయ్య దగ్గరికి వెళ్ళి సూటిగా అడిగాను. "పెద్దాయనా, ఆ కుప్ప గంగమ్మ వాటాయేనా?"

ఆయన తలెత్తలేదు. "నాకేటీ తెల్దు మేడంగారూ."

"మీరు చెప్పకపోతే అతని బాకీ తీరిపోతుంది."

"నాకేటీ తెల్దన్నాను కదండీ."

బతికున్నవాడికి గంగమ్మ వాటా తీయడమంటే వాడి చావు కోరడం. పెద్దలకి తెలిస్తే తండేలు పదవి పోతుంది, ఆ పడవ ఒక కాలమంతా ఒడ్డునే ఉంటుంది. దాని మీద ఆధారపడ్డ ఇళ్ళు తక్కువేం కాదు. ఆయన భయం నాకు తెలియక కాదు. అయినా ఆయన మీద కోపమొచ్చింది, ఆయన మంచివాడు కాబట్టి ఇంకా ఎక్కువొచ్చింది. వస్తూ వస్తూ దార్లో ఎవరిదో బకెట్ తన్నేశాను.

శుక్రవారం. సముద్రంలో కొంచెం పోటు.

లోవరాజే ఆఫీసుకి వచ్చాడు. మనిషి అందగాడు, నవ్వు ఇంకా అందం. నా పుదీనా కుండీ చూసి "బాగా సిగురేసిందండీ" అని మెచ్చుకున్నాడు. నాకూ ఒక్క క్షణం ముచ్చటేసింది, నూకరత్నం ఎందుకు పడిపోయిందో తెలిసింది.

"నా బాకీ తీరిపోతన్నాదంటండి. కాయితం ఇప్పించండి. సలి ఓడ ఎక్కుతాను."

చలి ఓడ దక్షిణపు మంచు సముద్రాలకి వెళుతుంది. ఎక్కినవాడు పదేళ్ళదాకా రాడు. అక్కడ నా కాటా లేదు, చుక్కాని లేదు, ఏ ప్రభుత్వమూ లేదు. అందుకే నా మూడో అధికారం గేటు. బాకీ ఉన్నవాడికి బయటి సముద్రపు గేటు తెరుచుకోదు. బాకీ లేనివాణ్ణి ఆపే హక్కు నాకు లేదు.

"ఎర్రయ్య పడవలో నీ పేరున కుప్ప ఎందుకు పడుతోందో నీకు తెలుసా?" అన్నాను.

"దేవుడు సల్లగా సూసినాడండి," అన్నాడు నవ్వుతూ.

ఇంకో రెండు వేటలు పడితే చాలు, అతనికి గేటు తెరుచుకుంటుంది. మంగళవారం ఓడ. అది వెళ్ళిపోతే ఈశ్వరికి తండ్రి నుంచి ఇక గింజ కూడా రాదు. ఎర్రయ్య ముసలివాడవుతున్నాడు, ఆయన తర్వాత ఆ కుప్ప ఎవరు తీస్తారు? ఇవాళ టీ కూడా సహించలేదు.

శనివారం. పోటు అలాగే ఉంది.

నూకరత్నానికి చెప్పక తప్పలేదు. ఆ చేపలు తిన్నకొద్దీ అతని బాకీ తరుగుతోందని చెబుతుంటే నా మొహం నాకే చూసుకోబుద్ధి కాలేదు. ఆమె అంతా విని లేచి, గుమ్మంలో ఉన్న ఇవాళ్టి గంపని ఎత్తుకుని జెట్టీకి నడిచింది. బాగున్న చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి అడుగున ఆనించి తీసుకెళ్ళి ఎర్రయ్య పడవ ముందు దించింది.

"ఒద్దు మాయ్యా. మీరు దయదలిసినారు, మర్సిపోను. కానీ ఇది ఆడికి లాబం అవుతన్నాది. నా బిడ్డ గంజి తాగుద్ది."

ఎర్రయ్య గంప వైపు చూశాడు, ఆమె వైపు చూడలేకపోయాడు. ఈశ్వరి తల్లి వెనకాలే వచ్చింది. "గంజిలోకి ఉల్లిపాయ ఉన్నాది కదమ్మా?" అని అడిగింది. ఉందంది తల్లి. అయితే ఫర్వాలేదన్నట్టు తలూపింది పిల్ల.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఇది దినచర్యలో రాయకూడదని రూలేమీ లేదు.

సోమవారం. సముద్రం నిలకడగా ఉంది.

రెండు రోజులు ఆ పిల్ల గంజి తాగడం వృథా అయింది. మిగిలిన కొంచెం బాకీని లోవరాజు అన్న తన కుప్పలోంచి కట్టేశాడు. తమ్ముడు పదేళ్ళు పోతే తన ఇంట్లో చోటు ఖాళీ అవుతుందని కాబోలు. బాకీలమ్మ "పూర్తిగా చెల్లింది" అని చక్కగా పచ్చదీపం వెలిగించింది. దాన్ని చూస్తుంటే ఒళ్ళు మండింది.

ఒక్క దారి మిగిలింది. కాగితం ఇచ్చేముందు అధికారి బహిరంగ విచారణ పెట్టవచ్చు. రేపు జెట్టీ మీదే పెడుతున్నాను. ఎర్రయ్య నోరు విప్పితే సరి, విప్పకపోతే నా చేత్తోనే కాగితం రాసివ్వాలి.

మంగళవారం. సముద్రం నిలకడగా ఉంది. ఓడ బయటి గేటు దగ్గర లంగరేసి ఉంది.

జెట్టీ నిండిపోయింది. పెద్దలు ముగ్గురు బల్ల మీద కూర్చున్నారు. ఎర్రయ్య తన పడవవాళ్ళతో ఒక పక్క, నూకరత్నం కూతురితో ఒక పక్క. లోవరాజు సంచీ భుజాన వేసుకునే వచ్చాడు. నేను ముందు ఎర్రయ్యని అడిగాను. ఆయన నేల చూపులు చూస్తూ "నాకేటీ తెల్దు" అన్నాడు. అయిపోయింది అనుకున్నాను. ఇక లోవరాజుని అడగడం ఆనవాయితీ కాబట్టి అడిగాను, అంతకు మించి ఆశ లేదు.

"ఎర్రయ్య పడవలో నీ పేరున పడిన కుప్పలు నీవేనా?"

"నాయే కదండీ. నా పేరు సెప్తే మరి నాయి కావా?"

"ఆ పడవలో నీకు భాగముందా?"

"నేదండి."

"వల నీదా?"

"వల కూడా ఆల్లదే."

"పోనీ ఎక్కి లాగావా?"

"ఆ పడవెక్కి ఏళ్ళయిపోనాదండి."

"పడవకి, వలకి, లాగినవాడికి. వీటిల్లో ఏదీ నీది కాకపోతే మరి నీకొచ్చింది ఏ వాటా?"

ఓడ కూత వేసింది. అతను అటు చూశాడు, కంగారుపడ్డాడు. ఈ కుప్పలు తనవి కావంటే కాగితం రాదు. ఏదో ఒక వాటా చెప్పాలి. చిన్నప్పట్నుంచీ పడవల మీద పెరిగినవాడు, మిగిలిన ఆ ఒక్క పేరూ నోట్లోంచి వచ్చేసింది.

"ఇంకోటి ఉన్నాది కదండీ. గంగమ్మ వాటా. అదే అనుకోండి."

ఎర్రయ్య మెల్లిగా తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పాడు. ఆయన వెనక పడవవాళ్ళూ విప్పారు. పోయినవాడి పేరుతో ఆ వాటా పలికితే ఇక్కడ అలాగే చేస్తారు.

"నాను సెప్పనేదు," అన్నాడు ఎర్రయ్య పెద్దలతో. "ఆడి నోటితో ఆడే సెప్పుకున్నాడు. మీరందరూ ఇన్నారు."

నేను లోవరాజు వైపు తిరిగాను. "లోవరాజూ, గంగమ్మ వాటా పోయినవాళ్ళకే. బతికున్నానంటావా, ఆ కుప్పలు పడవవాళ్ళు నీ పిల్లకి పెట్టిన తిండి, నువ్వు కట్టిన బాకీ కాదు. పాత బాకీ మళ్ళీ నీ మీదికి వస్తుంది. పోయానంటావా, బాకీ లేదు. చుక్కాని లేదు, గేటు లేదు, ఓడ లేదు. పోయినవాడి పేరుని ఏ పడవా ఎక్కించుకోదు."

అతను సంచీ ఇంకో భుజానికి మార్చుకున్నాడు. తర్వాత మళ్ళీ ఆ అందమైన నవ్వు నవ్వాడు.

"సచ్చిపోనాననే రాసీండి మేడంగారూ. ఓడ పోతే పోనాది. ఇన్నాల్లూ మా అన్న పేరు మీద బతకనేదేటి? ఇకముందూ అలాగే బతికేత్తాను. బాకీ గోల వొదిలిపోద్ది."

దీన్ని నేను ఊహించలేదు. తలుపు నేనే తెరిచి చూపించాను. పెద్దలు సాక్షులు, మాట పలికాడు, చట్టం ప్రకారం రాయాల్సిందే. రాస్తే ఆ పిల్ల హక్కు ఈ పూటతో సరి. నూకరత్నం వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు. చేసేది లేక యంత్రం తెరిచాను.

అప్పుడు ఈశ్వరి తల్లి పక్క నుంచి లేచి ఎర్రయ్య దగ్గరికి వెళ్ళింది.

"తాతా, బియ్యం నానే ఎయ్యాల?"

సముద్రంలో పోయినవాడికి పెద్దబిడ్డ పిడికెడు బియ్యం నీళ్ళలో వేసి, పిలిచి తినమంటుంది. ఇక్కడి పిల్లలందరూ ఎవరో ఒక స్నేహితురాలి ఇంట్లో చూసే ఉంటారు. ఈశ్వరి గొంతులో ఏడుపు లేదు. చేపలు ఎటు తిప్పి పేర్చాలని అడిగినట్టే అడిగింది. పిల్ల జవాబు కోసం ఆగలేదు, పడవలో పొయ్యి పక్కనున్న డబ్బాలోంచి పిడికెడు బియ్యం తీసుకుని జెట్టీ అంచుకి నడిచింది. పిల్ల పిడికిలి చాచింది. చాచి, అనుమానం వచ్చి వెనక్కి తిరిగింది.

"తాతా, ఏటని పిలవాల? నాన్నా అనాల, పేరెట్టి పిలవాల? నానెప్పుడూ పిలవనేదు కదా."

పెద్దల్లో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. లోవరాజు మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. నేను చూసేసరికి సంచీ కింద ఉంది, అతను జెట్టీ అంచుకి చేరి పిల్ల చేతికింద తన చేతులు పట్టి ఉన్నాడు.

"ఎయ్యకమ్మా," అన్నాడు. తర్వాత నాకు వినబడేలా గట్టిగా అన్నాడు. "ఉన్నాను. నాను ఉన్నాను. ఉన్నానని రాసుకోండి మేడం."

రాశాను. బాకీలమ్మ పచ్చదీపం ఆర్పి ఎర్రదీపం వెలిగించింది. పాత బాకీ, అన్న కట్టిన ఆ కొంచెం తప్ప, ఒక్క చేప తగ్గకుండా తిరిగి అతని పేరున నిలబడింది. మధ్యాహ్నానికి చలి ఓడ అతను లేకుండా గేటు దాటింది. ఆ మాట పలికింది లోవరాజే కాబట్టి ఎర్రయ్యని పెద్దలు ఏమీ అనలేదు. ఆ కుప్ప ఏమిటని ఆయన్ని మళ్ళీ ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నూకరత్నం నా బల్ల దగ్గర వేలిముద్ర వేస్తూ, "ఆడు ఉన్నందుకు నాకేటీ సంబరం నేదు మేడం, నా బిడ్డది నా బిడ్డకి రావాల, అంతే," అంది. అలాగే రాసుకున్నాను.

ఈశ్వరి మాత్రం అతన్ని కింది నుంచి పైదాకా పరీక్షగా చూసింది.

"అయితే రేపు కాటా కాడికి వత్తావా?"

"వత్తాను."

"నీ పేరే సెప్తావా?"

అతను లంగరు కాలనీ వైపు ఒకసారి చూశాడు. "సెప్తాను," అన్నాడు చివరికి.

వస్తాడో రాడో నాకు తెలియదు. రాకపోతే తీసుకురావడానికే నాకు జీతమిస్తున్నారు. నిన్న గీకాల్సిన గుల్లలు ఎల్లుండికి వాయిదా వేసి, రేపు పొద్దున్నే జెట్టీ మీద ఉంటాను.